ఐదో నంబరు

చొక్కా ముందు వచ్చింది, జట్టు తర్వాత.
నరసాపురంలో బేలు బట్టల గుట్టలోంచి లాగి
నూట ఇరవై అంటే తొంభైకి తెచ్చాను.
ఇటుకరాయి రంగు. వీపున ఐదు.
ఐదు పైన ఎవరిదో పేరు, సగం ఊడిపోయింది.
గుండె మీద లంగరు, లంగరు మీద కొంగ.
కొంగను చూసే కొన్నాను,
మా చెరువుల మీద వాలే దొంగ అదే కదా అని.
ఆ బొమ్మ పట్టుకుని ఫోనులో వెతికింది
నా మేనకోడలు కెజియా.
ఇంగ్లండులో ఏదో రేవట.
ఊరి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు.
మావాళ్లు అంటాను. చాలు.

ఆగస్టులో మొదలు.
గోదారి ఎర్రగా, గట్లు కోసేంత కోపంగా ఉంది ఇక్కడ.
అక్కడ ఎండలో పచ్చిక మెరుస్తోంది.
మొదటి మూడూ ఓడిపోయారు.
"అంతా నీ చొక్కా చలవే"
అన్నాడు ఇంజను మెకానిక్కు నూకరాజు.
నాలుగోది గెలిచినప్పుడు
వాడే వచ్చి నా వీపు మీద చరిచాడు, సరిగ్గా ఐదు మీద.

రాత్రి కాపలా నాది.
పదెకరాల చెరువు, ఆరు ఏరేటర్లు,
గంటగంటకీ టార్చి.
శనివారం ఆటలైతే మేత జల్లాక, తీరిగ్గా.
యూరపు ఆటలు నడిరాత్రి.
ముప్పై ఏళ్లకి వెళ్లారట మావాళ్లు యూరపుకి.
అక్టోబరు చివర అక్కడ గడియారం వెనక్కి తిప్పుకుంటారు,
నాకెవరూ చెప్పలేదు.
పన్నెండున్నరకి తెరిచి
ఒంటిగంటన్నర దాకా సబ్బుల ప్రకటనలు చూశాను.

యూరపంటే కెజియాకి అట్టపెట్టెలు.
భీమవరం రోడ్డులో, ప్లాంటులో,
రొయ్యల పెట్టెలకి స్టిక్కర్లు అంటిస్తుంది.
ఆట ఏ ఊళ్లో అని చెబితే
"ఓ, అదా! యాభై కౌంటు, తల తియ్యాలి, తోక ఉంచాలి" అంటుంది.
ఆంట్వెర్పు, బిల్బావో, మార్సెయి.
మావాళ్లు బస్సు దిగేసరికే
మా చెరువు అక్కడికి చేరిపోయి ఉంది,
గడ్డ కట్టుకుని.

జనవరిలో కప్పు ఆట.
రెండు మెట్ల కింది జట్టు.
వాళ్ల గోలీ పగలు బళ్లో లెక్కలు చెబుతాడట,
ఆయన చేతుల్లో పోయారు.
లీగులో పన్నెండు, పదమూడు, పదకొండు, మళ్లీ పదమూడు,
మోకాటి లోతు బురదలో నడిచేవాడి నడక.
యూరపులో మాత్రం, ఎందుకో, గెలుస్తూ పోయారు.
మార్చిలో ఆఖరి నిమిషాన
ఐదో నంబరు తలతో కొట్టాడు.
అరిచాను. పక్క చెరువు కుక్క కూడా అరిచింది.

ఏప్రిల్. కాలువలు కట్టేశారు.
బోదెల్లో గుర్రపుడెక్క బురద మీద పడుకుంది.
క్వార్టరు ఫైనలు, రెండో అంచె.
అక్కడ ఒకటి తేడాతో ఓడొచ్చారు,
ఇక్కడ (ఇక్కడ అంటున్నాను చూడు!) ఒకటి కొట్టారు.
అదనపు సమయం.
పెనాల్టీలు.
కరెంటు పోయింది.

ఏరేటర్లు ఒక్కొక్కటే రెక్కలు దించాయి.
చప్పుడు ఆగితే తెలుస్తుంది చెరువు ఎంత పెద్దదో.
టార్చి వేస్తే నీటి అంచున ఎర్ర కళ్లు,
వేల కళ్లు,
గాలి కోసం పైకి తేలి.
ఫోను మంచం మీద పడేసి పరిగెత్తాను.
హ్యాండిలు తిప్పాను. ఇంజను దగ్గింది.
మళ్లీ తిప్పాను.
వెనక పాకలోంచి సన్నగా జనం హోరు,
ఒకసారి లేచి, ఒకసారి కూలి,
ఏది మాదో తెలీదు.
ఏడోసారికి అందుకుంది.

తిరిగొచ్చేసరికి ఫోను నల్లగా ఉంది.
ఛార్జరు ఉంది, పెట్టలేదు.
నీళ్లు మళ్లీ నురగలు కక్కుతుంటే
తెల్లారేదాకా గట్టు మీదే నుంచున్నాను.
డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చింది కెజియా,
చేతులింకా ఐసు వాసన.
"ఐదో నంబరేనా?" అన్నాను.
"ఆకాశంలోకి కొట్టాడు మావయ్యా."

మే నెల. లీగులో పద్నాలుగు.
పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టాం.
నెర్రెలిచ్చిన అడుగులో
రెండు మేత బస్తాలు దూరం దూరంగా నిలబెట్టి,
మధ్యలో నూకరాజుని నిలబెట్టి,
చొక్కా వేసుకుని, చెప్పులు విప్పి, ఒక్కటి కొట్టాను.
గట్టు దాటి పోయింది.

వాడు నవ్వుతాడనుకున్నాను.
లుంగీ ఎగ్గట్టుకుని
బంతి తేవడానికి గట్టెక్కాడు.